కచువా ఎందుకు ఆగిపోతాడు?

గరాచర్మ,
జూన్ 8

పుష్పావతి పిన్నికి,

నీ కావేరి నమస్కారాలు. ఫోన్ చేస్తే పలకరింపు కూడా లేకుండా "ఉత్తరం ఏదే?" అంటావు కాబట్టి ఇదిగో ఉత్తరం. ఫోన్లో అయితే సగం హిందీ మాట్లాడేస్తానని నీ బాధ. చిన్నప్పుడు నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, చూసుకో. ఈసారి మాత్రం తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపకు. పోయినసారి పంపితే అమ్మ ఊరందరికీ చూపించి నవ్వింది.

నాకు కొత్త పదవి వచ్చింది. మా గరాచర్మ యువజన క్లబ్బు ఈ సంవత్సరం అండమాన్, నికోబార్ ద్వీపాలన్నిటికీ కలిపి ఆన్‌లైన్ ఆటల పోటీ పెట్టింది. ఫోన్లో ఆడే తుపాకుల ఆట. జట్టుకి నలుగురు. ఎవరి ద్వీపంలో వాళ్ళు కూర్చునే ఆడతారు. ఆఖరిదాకా బతికున్న జట్టు గెలిచినట్టు. దానికి నన్ను మోడరేటర్‌ని చేశారు. అంపైర్ అనుకో, విజిల్ ఒక్కటే తక్కువ. నేను ఆటలో ఎవరికీ కనపడకుండా గాల్లో తిరుగుతూ అందరినీ చూస్తుంటాను. నా మాటే ఆఖరి మాట.

ఆట చూడటం సులువే, మనుషుల్ని చూడటమే కష్టం. ఓడిన ప్రతివాడూ "చీటింగ్ హై దీదీ!" అంటాడు. నిన్న అసిరయ్య తాత లంబాలైన్ నుంచి బస్సెక్కి మరీ వచ్చి, "మా మనవడు కూడా ఆడుతున్నాడమ్మా, కాస్త చూసుకో" అన్నాడు. ఏం చూసుకోవాలి తాతా అంటే, "అదే, చూసీ చూడనట్టు" అన్నాడు. టీ ఇచ్చి పంపించాను.

అసలు సంగతి ఇది. మీ కాంప్‌బెల్ బే నుంచి గలాథియా గ్యాంగ్ అని ఒక జట్టు ఉంది. అందులో ఒకడు కచువా అన్న పేరుతో ఆడతాడు, తాబేలన్నమాట. ఈ ఆటలో ఎవరూ సొంత పేరు పెట్టుకోరులే. ఈ కచువా భయ్యా ఎదురొచ్చినవాణ్ణి వచ్చినట్టే పడగొడతాడు. అంతలో ఉన్నట్టుండి ఒక చెట్టు పక్కన నిలబడిపోతాడు. కదలడు, మెదలడు. కాసేపటికి మళ్ళీ కదిలి దుమ్ము లేపుతాడు. మైకు ఎప్పుడూ తెరవడు.

లీగ్ ఆటలో వాళ్ళ చేతిలో ఓడిన ఒక జట్టు ఫిర్యాదు పెట్టింది. ఒక్క అకౌంట్ మీద ఇద్దరు ఆడుతున్నారట, ఫోన్ చేతులు మారేటప్పుడే ఆ ఆగడమట. అదే నిజమైతే జట్టు మొత్తానికి ఏడాది నిషేధం. తేల్చాల్సింది నేను.

నాకు కోపం రావడం లేదు పిన్నీ, ఆరాటంగా ఉంది. అంత బాగా ఆడేవాడు ఎందుకు ఆగిపోతాడు? మీ దుకాణం ముందు బెంచీ మీద కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు కదా, వాళ్ళలో కచువా ఎవరో కాస్త కనుక్కుంటావా?

బాబాయిని అడిగానని చెప్పు.

నీ కావేరి

*

కాంప్‌బెల్ బే,
జూన్ 27

చిరంజీవి కావేరికి పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం ఉల్లిపాయల బస్తాలతోపాటు ఓడ దిగింది, అదే వాసన వేస్తోంది. ఒలమ్మో, మా గుంట అంపైర్ అయిపోయింది! చిన్నప్పుడు గవ్వలాటలో ఓడితే గవ్వలన్నీ గౌనులో మూటగట్టుకుని పారిపోయేదానివి. అలాంటిదానికా తీర్పులు అప్పజెప్పారు అనుకున్నాను. మీ బాబాయి జెట్టీ పని నుంచి వచ్చి అన్నం తింటుంటే చదివి వినిపించాను. "బాగుంది, కరెంటు ఆఫీసులో కూడా ఒక మోడరేటర్‌ని పెట్టమను" అన్నారు.

బెంచీ మీద కుర్రాళ్ళని నేనేమీ అడగను. అడగమనడమే తప్పు. తీర్పు చెప్పాల్సిన మనిషి దొడ్డిదారిన పిన్నిచేత ఆరా తీయిస్తుందా? అసిరయ్యకి టీ ఇచ్చి పంపావు, మరి నీకెవరు టీ ఇవ్వాలి?

నాకు ఆటల సంగతి తెలియదు కాబట్టి తెలియకే అడుగుతున్నాను. మనిషి ఆగిపోతే తప్పేంటి? ఆగినప్పుడు దెబ్బ పడేది ఆగినవాడికే కదా. నీలం షెడ్డు వెనక కాసేపు నిలబడినంత మాత్రాన దొంగైపోతాడా? ఇద్దరు ఆడారనడానికి ఎవరైనా కళ్ళారా చూశారా, లేక ఓడినవాళ్ళ మంటేనా? ఆ ఫిర్యాదు పెట్టిన జట్టు ఏది? అది రాయలేదు నువ్వు. ఇంకో మాట కూడా. ఆడేవాళ్ళలో మోడరేటర్ తాలూకు మనుషులుంటే మీ క్లబ్బువాళ్ళు ఏం చేస్తారు?

ఇంతకీ ఆ కచువా నిజంగా బాగా ఆడతాడా? బాగా అంటే ఎంత బాగా? కాస్త వివరంగా రాయి. దుకాణంలో ఊసుపోక అడుగుతున్నాను.

అక్కకి ఎండుచేపలు పంపుతున్నాను. నువ్వు దారిలో తినేయకు.

పిన్ని

*

గరాచర్మ,
జూలై 16

పిన్నికి,

ఎండుచేపలు అమ్మకి చేరాయి, కొన్ని తక్కువగా.

కచువా ఎంత బాగా ఆడతాడంటే, మిగతావాళ్ళు తుపాకీ దొరకగానే కాలుస్తారు, వాడు మాత్రం ఎదుటివాడు ఎటు నడుస్తాడో ముందే ఆలోచించి అక్కడికెళ్ళి కూర్చుంటాడు. వాడి కోసమే రికార్డింగులు మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. పని మీద చూస్తున్నానని అమ్మకి చెబుతున్నాను కానీ సగం సరదాకే.

చూడగా చూడగా ఒకటి దొరికింది. కచువా అన్ని ఆటల్లోనూ ఆగడు. కాంప్‌బెల్ బేకి ఓడ వచ్చిన రోజుల్లోనే ఆగుతాడు. ఓడల రాకపోకలు పక్కన పెట్టుకుని చూశాను, ఒక్కసారి కూడా తప్పలేదు. ఓడ వస్తే అందరూ ఫోన్లు పట్టుకుంటారు, నెట్ బరువెక్కి ఉంటుందిలే అనుకున్నాను మొదట. కానీ నెట్ పోయినవాడు అలా నిలబడడు, ఎగిరెగిరి పడతాడు, లేదంటే ఆటలోంచే ఊడిపోతాడు. ఇతను హాయిగా నిలబడే ఉంటాడు. అంటే నెట్ ఉంది, చేతులే లేవు. ఓడకీ చేతులకీ ఏం సంబంధం? ఓడ మీద ఇంకో ఆటగాడు దిగుతున్నాడా? నిద్ర పట్టడం లేదు నాకు.

అందుకే సెమీఫైనల్ ముందు కబురు పెట్టాను, ఆటంతా కెమెరాలో మొహం చూపిస్తూ ఆడాలని. ఫిర్యాదు వచ్చిన ఎవరికైనా అదే నిబంధన. "చూపించను" అని జవాబొచ్చింది. "భయ్యా, తప్పు చేయనప్పుడు భయమెందుకు?" అని రాశాను. దానికి జవాబే లేదు. ఇంకేం చేయను? గలాథియా గ్యాంగ్‌ని పోటీ నుంచి తీసేశాను. ఏడాది నిషేధం కూడా రాశాను. హాడో హార్బర్ జట్టు ఆడకుండానే ఫైనల్‌కి వెళ్ళింది. వానలకి కరెంటు నిలవడం లేదు కాబట్టి ఫైనల్ వాయిదా పడింది.

నిబంధన ప్రకారం నేను చేసింది సరైనదే. అయినా అన్నం సయించడం లేదు. నువ్వడిగిన మిగతావాటికి తర్వాత రాస్తాను.

కావేరి

తా.క. కవరు అంటించబోతూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నీలం షెడ్డు అని రాశావు. నేను నీకు రాసింది చెట్టు సంగతి. నీలం షెడ్డు వెనక కచువా ఆగింది ఆ తర్వాతి ఆటలో, అప్పటికి నా ఉత్తరం పోస్టయిపోయింది. ఆ ఆట నేనూ, ఆడినవాళ్ళూ తప్ప ఇంకెవరూ చూడలేదు. నీకెవరు చెప్పారు పిన్నీ? బెంచీ మీద కుర్రాళ్ళా? లేక...

"లేక" తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు. ఎవరో చెప్పారని రాసినా సరే. కానీ నేను నమ్మను.

*

కాంప్‌బెల్ బే,
ఆగస్టు 3

కావేరీ,

"లేక" తర్వాత నేనే. మీ కచువా భయ్యా గళ్ళ చీర కట్టుకుని, తక్కెడ ముందు కూర్చుని ఉంటాడు.

నవ్వుతావో తిడతావో నీ ఇష్టం, ముందు పూర్తిగా చదువు. పోయిన ఏడు మా పక్కింటి లోహిత్, వాడి ఇద్దరు స్నేహితులూ బెంచీ మీద ఆడుతుంటే నాలుగోవాడు రాలేదు. "పిన్నీ, ఊరికే పట్టుకుని నిలబడు, చాలు" అని ఫోన్ నా చేతికిచ్చారు. మొదట్లో పుట్టగానే చచ్చేదాన్ని. తర్వాత చంపడం వచ్చింది. ఆ తర్వాత నాలుగోవాడు వచ్చినా నన్ను లేవనివ్వలేదు.

ఎందుకు ఆగుతానంటావా? ఓడ వచ్చిన రోజు ఊరు ఊరంతా నా దుకాణం ముందే ఉంటుంది, నీకు తెలియదా? కామమ్మ వచ్చి "అరకేజీ కందిపప్పు" అంటే, "ఆగమ్మా, ఒకణ్ణి చంపి వస్తాను" అనగలనా? ఫోన్ పక్కన పెడతాను, తూచి ఇస్తాను, మళ్ళీ తీస్తాను. ఓడకీ చేతులకీ సంబంధం అదీ. నీకు నిద్ర పట్టకపోవడం చదివి నవ్వొచ్చింది, పాపం అనిపించింది కూడా.

మొహం చూపించనన్నది సిగ్గుతోనే. నలభై దాటిన ఆడది ఫోన్లో తుపాకీ ఆట ఆడుతోందంటే ఊరు ఊరుకుంటుందా? నేను ఉల్లిపాయల ధరలు చూసుకుంటున్నానని మీ బాబాయి నమ్మకం. కానీ ఒక మాట చెబుతాను. ఆ ఆటలో నన్నెవరూ పప్పు అడగరు. "కచువా, నువ్వు ముందెళ్ళు, మేం వెనకున్నాం" అంటారు ఆ పిల్లలు. నా బతుకులో నన్ను ముందు వెళ్ళమన్నవాళ్ళు వాళ్ళే. నా మూలంగా ఇప్పుడు వాళ్ళకి ఏడాది ఆట పోయింది. లోహిత్ వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు, నన్నొక్క మాట అనడు. అంటే బాగుండును.

ఇక నీ సంగతికి వద్దాం. ఫిర్యాదు పెట్టింది హాడో హార్బర్ జట్టే కదా. ఆటకి ముందు ఫోన్లోనే అందరూ చేరే గదిలో ఆ జట్టు తరఫున గొంతు చించుకునేది మన ఉమేష్. నీ తమ్ముడి గొంతు నేను గుర్తుపట్టనా? వాడి మొదటి ఏడుపు విన్నదే నేను. జూన్‌లో నిన్ను అడిగాను, జూలైలో దాటేశావు. తమ్ముడి జట్టు ఫిర్యాదు పెట్టింది, అక్క తీర్పు చెప్పింది, తమ్ముడి జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. నువ్వు నిజాయితీగానే చేశావని నాకు తెలుసు. నా ఒక్కదానికి తెలిస్తే సరిపోతుందా? ఓడినవాళ్ళకి కూడా తెలియాలి కదా.

అలాగని, పిన్నినని నన్ను వెనక్కి తీసుకున్నావంటే మళ్ళీ నీ గుమ్మం తొక్కను. నాకు చుట్టరికం వద్దు, తీర్పు కావాలి. మన ఇద్దరికీ ఏమీ కాని మనిషిని కూర్చోబెట్టు. ఎవరొచ్చినా ఒకటి అడుగుతాను, మొహం ఎందుకమ్మా? ఆడేది చేతులు. ఆ చేతులు చూసుకోండి.

పుష్పావతి

*

గరాచర్మ,
ఆగస్టు 25

పిన్నికి,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయి ఆఖరి స్టాపులో తేలాను. మొదట పగలబడి నవ్వాను, పక్కనున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళింది. రెండో కాగితం చదివాక నవ్వు ఆగిపోయింది. సిగ్గేసింది పిన్నీ.

ఆ సాయంత్రమే క్లబ్బులో చెప్పేశాను. ఫిర్యాదు పెట్టిన జట్టులో నా తమ్ముడున్నాడు, ఫిర్యాదు పడిన జట్టులో కూడా నా చుట్టం ఉన్నారు, ఈ కేసు నేను చూడకూడదు అని. ఆ చుట్టం ఎవరో మాత్రం చెప్పలేదు. ఉమేష్ ఇంటికొచ్చి ఎగిరాడు. "దీదీ, నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది యార్?" అన్నాడు. తెలియాల్సినవాళ్ళకి అప్పటికే తెలిసిందిరా అన్నాను.

ఆ తర్వాత మొదలైంది తమాషా. ఎవరికీ ఏమీ కాని మోడరేటర్ కావాలి. ఒకరు ఉమేష్ స్నేహితుడి బావ, ఇంకొకరు లోహిత్ వాళ్ళ పెద్దమ్మ కొడుకు, మూడోవాడు అసిరయ్య తాత మనవడు! చివరికి డిగ్లీపూర్ నుంచి మౌమిత అని బెంగాలీ అమ్మాయి దొరికింది. ఆమెకి మనలో ఎవరూ తెలియదు, తెలుగు ముక్క రాదు. నీ మాట నేను ఆమెకి చెప్పాను, చేతులు చాలు కదా అని. "అదే న్యాయం" అంది. సెమీఫైనల్ ఆడించాలి, కెమెరాలో చేతులు చూపించాలి, మైకులు మాత్రం అందరివీ తెరిచి ఉండాలి అని రాసింది. చేతుల్ని రెండు జట్లూ చూడాలని కూడా పెట్టింది. నువ్వు ఒప్పుకున్నావు. అక్కడ జరిగింది నీకు తెలుసు, ఇక్కడ జరిగింది నేను రాస్తాను.

ఉమేష్ గదిలో ఒక మూల కూర్చున్నాను, నోరు విప్పకూడదన్న షరతు మీద. తెర మూలన నీ చేతులు, ఆకుపచ్చ గాజులు. "అరే, లడ్కీ హై!" అని హాడో జట్టులో ఒకడు అరిచాడు. తర్వాత ఎవరికీ అరవడానికి తీరిక లేదు, నువ్వు ఇద్దర్ని పడగొట్టావు. అంతలో మైకులో వినపడింది, "ఓలే పుష్పా, కందిపప్పుందా? అరకేజీ ఇయ్యి" అని. చేతులు మాయమయ్యాయి. కచువా గోడ పక్కన నిలబడిపోయాడు. తక్కెడ గొలుసు చప్పుడు, పొట్లం కట్టే చప్పుడు, నీ గొంతు, "బెల్లం కూడా కావాలా కామమ్మా?"

ఉమేష్ ఫోన్ మీద నుంచి తలెత్తి నా వైపు చూశాడు. "పిన్నీ?" అన్నాడు మైకులోనే.

వాడి తుపాకీ నీ మీదే ఉంది. కాల్చడం లేదు. వాడి జట్టువాళ్ళు "మార్ నా!" అని గోల. మౌమిత గొంతు వినపడింది, హిందీలో. "హాడో ప్లేయర్, ఆట ఆపమని ఎవరూ చెప్పలేదు. వదిలేస్తే అదీ పక్షపాతమే." వాడు కళ్ళు మూసుకుని కాల్చాడు పిన్నీ. నువ్వు బెల్లం తూస్తుండగా.

అప్పుడు నువ్వు తిరిగొచ్చి అన్న మాట ఇక్కడ గదిలో అందరూ విన్నారు. "మంచిపని చేశావురా. వదిలేసి ఉంటే నేనే ఫిర్యాదు పెట్టేదాన్ని."

లోహిత్ వాళ్ళు ముగ్గురే మిగిలి కూడా గెలిచారు. అకౌంట్ మీద ఉన్నది ఒక్క మనిషే అని మౌమిత రాసింది, నిషేధం కొట్టేసింది. ఆగిపోవడం తప్పు కాదు, ఆగినవాళ్ళ నష్టం అని కూడా రాసింది. నువ్వు జూన్‌లో రాసినదే. ఉమేష్ రెండు రోజులు అలిగాడు, ఇప్పుడు "మా పిన్ని కచువా" అని హాడో అంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. క్షమించు, నీ రహస్యం ఓడలకన్నా ముందే ద్వీపాలన్నీ తిరిగేసింది. అమ్మ మాత్రం "అది చిన్నప్పుడే రాళ్ళతో మామిడికాయలు కొట్టేది" అని ఊరుకుంది.

తమ్ముడి సంగతి దాచినందుకు ఫైనల్‌లో నన్ను మోడరేటర్‌గా కూర్చోనివ్వరు. నాకూ అదే సబబనిపించింది. ప్రతి ఆటకీ ముందు మోడరేటర్ తనవాళ్ళెవరో అందరి ముందు చెప్పాలని కొత్త నిబంధన రాసిచ్చాను. అసిరయ్య తాత చదివి, "అయితే ఆట మొదలయ్యేసరికి తెల్లారిపోద్ది" అన్నాడు.

ఫైనల్ తారీఖు చూశాను. ఆ రోజు కూడా మీకు ఓడ ఉంది. ఏం చేస్తావు?

నీ కావేరి

*

కాంప్‌బెల్ బే,
సెప్టెంబర్ 14

చిరంజీవి కావేరికి,

ఫైనల్‌లో కచువా ఒక్కసారి కూడా ఆగలేదు, గమనించావా? ఎందుకో నువ్వే అడుగుతావని ముందే రాస్తున్నాను.

ముందురోజు రాత్రి మీ బాబాయికి అన్నీ చెప్పేశాను. అంతా విన్నారు. చివరికి, "అయితే ఉల్లిపాయల ధర ఎంతుందో నీకు తెలియదన్నమాట" అన్నారు. తెలుసు, అదీ చూస్తాను అన్నాను.

ఓడ వచ్చింది. సరుకు దిగింది. నేను దుకాణం తలుపు వేసేశాను. ఓడ రోజున ఈ దుకాణం మూయడం మా అత్తగారి కాలంలో కూడా లేదు. ఆట మొదలవుతుండగానే తలుపు మీద దబదబ బాదుడు. కాస్త తెరిచి చూస్తే కామమ్మ, వెనకాల సంచులు పట్టుకుని సగం ఊరు.

"ఏటే పుష్పా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఆట ఉంది. అయ్యాక రండి."

"ఎవరి ఆట?"

"నాది" అన్నాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాను.

ఓడిపోయాం. రంగత్ జట్టు పిల్లలు మాకన్నా బాగా ఆడారు. వాళ్ళ మోసమేమీ లేదు, నేనే తొందరపడి ముందుకెళ్ళాను. కాసేపు ఏడ్చాను. లోహిత్ నా ముందు మంచినీళ్ళు పెట్టి, "వచ్చే ఏడు చూసుకుందాం కెప్టెన్" అన్నాడు. నన్ను కెప్టెన్ ఎప్పుడు చేశారో నాకు తెలియదు.

మొహం కడుక్కుని తలుపు తీశాను. అందరూ వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. ఒక్కరూ పోలేదు. బెంచీ మీద, మెట్ల మీద, గోడ నీడన, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మీ బాబాయి వాళ్ళ మధ్యలో నిలబడి ఆట ఎలా ఆడతారో తనకి తెలిసినట్టే చెబుతున్నారు.

"గెలిచావా?" అంది కామమ్మ.

"లేదు."

"పోన్లే. అరకేజీ కందిపప్పు ఇయ్యి. మళ్ళీ ఎప్పుడే నీ ఆట? ముందుగా చెప్తే ముందురోజే కొనుక్కుంటాం."

పిన్ని